బసవయ్య కొలతకు కట్టిన పడవ

బందరులో ఇనగుదురుపేట దాటి గిలకలదిండి రోడ్డున వెళ్తే కాలవ గట్టు మీద ఒక తాటాకు పాక ఉండేది. మస్తాన్ పడవలు కట్టేది అందులోనే. అతని తండ్రి ఇమామ్ సాహెబ్ కూడా ఆ పాకలోనే పని చేశాడు గానీ ఆయన కట్టినవి వేరు. ఓడలు రేవు దాకా రాలేక దూరాన సముద్రంలోనే లంగరు వేసుకుని ఉండే రోజుల్లో, వాటి నుంచి బస్తాలు ఒడ్డుకు చేరవేసే పెద్ద సరుకు పడవలు కట్టేవాడాయన. కాలవ సముద్రంలో కలిసే మొగ ఏటికేడాది పూడుకుపోయింది. ఓడలు కాకినాడ, మద్రాసు దారి పట్టాయి. సరుకు పడవలు బురదలో ఒక పక్కకు ఒరిగి, ఎండకు ఎండి వానకు నాని పాడైపోతుంటే చూడలేక, ఇమామ్ సాహెబ్ తను కట్టిన ఒకదాన్ని తన చేతులతోనే విప్పాడు. ఆ టేకు దూలాలు బండి మీద ఇంటికి తోలించుకుని పైకప్పుకు వేసుకున్నాడు.

మస్తాన్‌కు ఉలి పట్టడం వచ్చేసరికి రేవులో పని లేదు. అతను దివిసీమ వైపు చూశాడు. నాగాయలంక, కోడూరు అవతల సముద్రపు అంచున ఉండే పల్లెపాలేల వాళ్ళకు వేటకు వెళ్ళే చిన్న పడవలు కావాలి. అవి కట్టడం మొదలుపెట్టాక అతను మరో పని ఎరగడు.

పడవ కావాలని వచ్చిన మనిషితో మస్తాన్ ముందు కలప సంగతి మాట్లాడేవాడు కాదు. చేతికి తెడ్డు ఇచ్చి, "ఇలా వచ్చి నిలబడండి" అనేవాడు. మనిషి ఎంత పొడుగు, ఏ చెయ్యి బలం, నిలబడి వేస్తాడా కూర్చుని వేస్తాడా, ఒక్కడే వెళ్తాడా కొడుకు తోడొస్తాడా, పాయలోనే తిరుగుతాడా మొగ దాటి పోతాడా, ఇవన్నీ కనుక్కుని తాడుకు ముళ్ళు వేసుకుని కొలత తీసుకునేవాడు. చొక్కాలు కుట్టే దర్జీకీ తనకూ పెద్ద తేడా లేదని నవ్వేవాడు.

అలా కొలత ఇచ్చిన వాళ్ళలో బసవయ్య ఒకడు. నాగాయలంక దాటాక సముద్రం వైపు ఉన్న ఒక పాలెం అతనిది. మంచి పొడగరి. కుర్రతనంలో ఎడమ మణికట్టు విరిగి వంకరగా అతుక్కుంది. అందుకని అతని పడవకు ఎడమ పక్క తెడ్డు ఆనించే గుంజను కుడిదాని కన్నా జానెడు కిందకు దించి పెట్టాడు మస్తాన్. తెడ్డు వేసి చూసుకుని బసవయ్య ఆ కాలవలో అటు చివరిదాకా వెళ్ళి, తిరిగొచ్చి, గట్టున దిగి, "బాగుంది బావా" అన్నాడు. అప్పటిదాకా గారు అన్న మనిషి. ఆ పిలుపు అలాగే ఉండిపోయింది.

ఆ తరవాత మరమ్మతుకు వచ్చినా, కొత్తది కట్టించుకోవాలని వచ్చినా బసవయ్య మస్తాన్ ఇంట్లోనే దిగేవాడు. తడి గోనెలో చుట్టి పండుగప్ప చేప తెచ్చేవాడు. మస్తాన్ భార్య మున్నీ పులుసు పెట్టేది. ఒక్కోసారి కూతురు దుర్గను వెంటబెట్టుకుని వచ్చేవాడు. మస్తాన్‌కూ మున్నీకీ పిల్లలు లేరు. పెళ్ళయిన కొత్తలో మున్నీ ఉయ్యాల కోసమని నడిమింటి దూలానికి ఇనప కొక్కెం కొట్టించింది. ఏళ్ళు గడిచాక దానికి ఉల్లిపాయల బుట్ట తగిలించుకుంది. దుర్గ వచ్చినప్పుడు మాత్రం బుట్ట తీసేసి, తాడు కట్టి, ఆ పిల్లను కూర్చోబెట్టి ఊపేది. దుర్గకు మస్తాన్ మావయ్య, మున్నీ అత్తమ్మ. దుర్గ పెద్దదయ్యాక పామిడిముక్కల వైపు కాలవల్లో వల వేసుకుని బతికే ఏడుకొండలుకు ఇచ్చారు. మున్నీ చీరా రవిక గుడ్డా పెట్టి పంపింది. ఆ మరుసటేడు కామెర్లు వచ్చి మున్నీ పోయింది.

అప్పటి నుంచి బసవయ్య రావడం ఎక్కువైంది. "అడుగున చెమ్మ దిగుతోంది బావా, ఓసారి చూడు" అనేవాడు. మస్తాన్ పడవ కిందకు దూరి చూసేవాడు. చెమ్మా ఉండేది కాదు, ఏమీ ఉండేది కాదు. ఇద్దరూ గట్టు మీద కూర్చుని చుట్టలు కాల్చుకుని, సాయంత్రం పోటు చూసుకుని బసవయ్య వెళ్ళిపోయేవాడు.

డెబ్బై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చింది.

బందరులోనూ పెంకులు ఎగిరిపోయాయి, గోడలు కూలాయి, మనుషులు పోయారు. మస్తాన్ ఇల్లు నిలబడింది. గట్టు మీద పాక ఉన్న జాడ కూడా లేదు. దారులు తెరిచాక అతను చల్లపల్లి మీదుగా దొరికినంత మేర లారీ ఎక్కి, తక్కినది నడిచి నాగాయలంక చేరాడు. అక్కణ్ణించి పాలెం వైపు నడిచాడు. పాలెం ఉన్నచోట ఇసక మేట వేసి ఉంది. దూరంగా సర్కారు తుమ్మ కంపలో పడవ చెక్కలు చిక్కుకుని ఉన్నాయి. వాటిలో తను చిత్రిక పట్టినవి ఉన్నాయి. ఎవరి పడవదో కూడా చెప్పగలడు. చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు.

సహాయ శిబిరంలో ఒక గుమస్తా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మస్తాన్ వెళ్ళి బసవయ్య గురించి అడిగాడు.

"ఆ పాలెంలో ఆ ఇంటివాళ్ళెవరూ దొరకలేదు. మీకేమవుతాడు?"

"బావండి."

గుమస్తా తలెత్తి అతని గడ్డం, నెత్తి మీద టోపీ చూశాడు. కోపంగా చూడలేదు, అలసిపోయి ఉన్నాడంతే. "సొంతవాళ్ళయితే చెప్పండి సాయిబు గారూ, రాసుకుంటాను" అన్నాడు. మస్తాన్ పక్కకు తప్పుకున్నాడు. వెనక ఇంకా చాలామంది ఉన్నారు.

బసవయ్య, భార్య, ఇద్దరు కొడుకులు, కోడలు, ఒక్కరూ మిగల్లేదు. అత్తవారింట ఉంది గనక దుర్గ బతికింది. మస్తాన్ వెళ్ళేసరికే ఆమె వచ్చి, ఇసకలో కూర్చుని ఏడ్చి వెళ్ళిపోయిందట.

ఆ తరవాత మస్తాన్‌కు పని లేకుండా పోయింది. కొలతలు ఇచ్చిన వాళ్ళలో చాలామంది లేరు. మిగిలిన వాళ్ళకు సాయం చేసేవాళ్ళు ఎక్కడెక్కణ్ణించో పడవలు తెచ్చి ఇచ్చారు. అన్నీ ఒకే రంగు, ఒకే పొడుగు. మంచి పడవలే. వాటిని తప్పు పట్టాలని మస్తాన్‌కు ఎప్పుడూ అనిపించలేదు. ఊళ్ళో తలుపులకు చట్రాలు బిగించాడు, మంచాలకు కోళ్ళు అమర్చాడు. ప్రొద్దుటే మాత్రం బాడిస భుజాన వేసుకుని కాలవ గట్టు దాకా నడిచి, పాక లేని చోట కాసేపు కూర్చుని వచ్చేవాడు. ఇంటికొచ్చి ఒక్కడికి సరిపడా బియ్యం పొయ్యి మీద పడేస్తే ఎంత కొలిచినా ఎక్కువయ్యేది. పక్కింటి హమీదా "కూర పంపించనా భాయ్" అని గోడవతల నుంచి అడిగితే, "ఉందమ్మా" అనేవాడు. కొన్ని రోజులు అతను మాట్లాడిన మాట అదొక్కటే.

మరుసటేడు వానలు వెనకబట్టాక కాంతారావు గారు అతని ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. బందరు కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. జీవితమంతా ఆయన రేవుకు సంబంధించిన పాత వస్తువులు పోగు చేశారు. తుప్పు పట్టిన లంగర్లు, దీపస్తంభం మీది పాత లాంతరు, పూడుకుపోయిన రేవు పటాలు, డచ్చివాళ్ళ పింగాణీ పెంకులు, ఓడలెక్కి పోయిన అద్దకం గుడ్డల అచ్చుదిమ్మలు. ఇంట్లో పెట్టుకోవడానికి చోటు లేక, ఇంట్లోవాళ్ళతో మాటలు పడలేక ఇన్నాళ్ళూ ఇబ్బంది పడ్డారు.

ఆయన చిన్ననాటి స్నేహితుడు వెంకట్రామయ్య గారికి గుడివాడలో రైసుమిల్లు ఉంది. ఒక్కగానొక్క చెల్లెలు సత్యవతిని కోడూరు అవతల, కృష్ణ సముద్రంలో కలిసే మొగకు దగ్గర ఊళ్ళో ఇచ్చారు. ఉప్పెన ఆమె ఇంటిల్లిపాదినీ తీసుకుపోయింది. వాళ్ళ ఆస్తిలో నిలబడింది రాతి గోడల ధాన్యం గోడౌను ఒక్కటే. తన చేతికొచ్చిన దాన్ని అమ్మడానికి వెంకట్రామయ్య గారికి మనసు రాలేదు. వాడుకోవడానికీ మనసు రాలేదు. అప్పుడు కాంతారావు గారు అందులో మ్యూజియం పెడదామన్నారు. సముద్రంతో ఈ నేలకున్న చరిత్ర అంతా అక్కడ కనిపించాలన్నారు. వెంకట్రామయ్య గారు సరేనన్నారు.

"అన్నీ ఉన్నాయి గానీ మనవైన పడవ ఒక్కటీ లేదు మస్తాన్ గారూ" అన్నారు కాంతారావు గారు. "ఉన్నవన్నీ ఉప్పెనకు పోయాయి. పాలెం వాళ్ళు వాడేలాంటిది ఒకటి మీరు కట్టాలి."

"ఎవరికండీ?"

"ఎవరికీ కాదు. మ్యూజియంలో పెట్టడానికి."

"ఏ పాయలో తిరగాలి?"

"నీళ్ళలో దించం కదండీ."

మస్తాన్‌ది పని వద్దనుకునే స్థితి కాదు. పెట్టె సర్దుకుని ఆయన వెంట బస్సెక్కాడు.

గోడౌను మధ్యలో కలప పేర్చి ఉంది. ఓ మూల చిన్న గదిలో అతనికి మంచం వేశారు. మొదటి వారం మస్తాన్ బాడిస ముట్టుకోలేదు. కలప చుట్టూ తిరిగాడు, దుంగలు ఇటువి అటు వేశాడు, దగ్గర్లోని కాలవ గట్టుకు పోయి కూర్చున్నాడు. ఎవరూ ఎక్కని పడవకు ఎంత పొడుగు పెట్టాలి? తెడ్డు వేసే చోటు ఎక్కడ వదలాలి? కాంతారావు గారు రెండు మూడుసార్లు వచ్చి చూసి, తొందర పెట్టకుండా వెళ్ళిపోయారు.

ఒక ఉదయం మస్తాన్ తాడు తీసుకున్నాడు. కొలత ముళ్ళు చూసుకోవలసిన పని కూడా లేదు, కొలత చేతుల్లోనే ఉంది. బసవయ్య కాళ్ళు చాచుకునేంత చోటు వదిలాడు. అతను నిలబడి వల విసిరే చోట అడుగుచెక్క కాస్త వెడల్పు చేశాడు. ఎడమ గుంజను జానెడు కిందకు దించాడు. పక్కచెక్కల సందుల్లో దూది కూరి, గుగ్గిలం నూనెతో కాచి పట్టించాడు. నీళ్ళలో దించని పడవకు అదంతా అవసరం లేదని అతనికీ తెలుసు. నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ అతని ఒంట్లో కాస్త ఓపిక ఉంది. మధ్యాహ్నం అన్నం తిని చుట్ట వెలిగించుకుని, ఎదురుగా ఎవరో ఉన్నట్టు కలప వైపు చూస్తూ కూర్చునేవాడు.

ఆదివారాలు వెంకట్రామయ్య గారు గుడివాడ నుంచి అంబాసిడర్ కారులో వచ్చేవారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా. కుర్చీ వేయించుకుని గుమ్మం దగ్గర కూర్చునేవారు. ఏమీ అడిగేవారు కాదు. ఫ్లాస్కులో టీ తెచ్చుకుని, మూతలో పోసి ఒకటి మస్తాన్‌కు ఇచ్చేవారు. ఒకసారి మాత్రం, "మా చెల్లెలు ఈ గోడౌనులో దాగుడుమూతలు ఆడేది, పెళ్ళయి వచ్చిన కొత్తలో, ఆడపడుచు పిల్లలతో" అన్నారు. మస్తాన్ "అవునాండి" అన్నాడు. ఇద్దరూ టీ తాగారు.

డెబ్బై తొమ్మిది సంక్రాంతి వెళ్ళాక మ్యూజియం తలుపులు తెరిచారు. మొదట్లో రెండు బళ్ళ వాళ్ళు పిల్లల్ని తీసుకొచ్చారు. ఆ తరవాత సముద్రస్నానానికి పోయే వాళ్ళు ఎండ తప్పించుకోవడానికి లోపలికి వచ్చి, నీళ్ళు అడిగి తాగి వెళ్ళేవారు. కాంతారావు గారికి మోకాళ్ళ నొప్పులొచ్చి బందరు నుంచి రావడం తగ్గింది. తలుపులు తీసి, ఊడ్చి, వచ్చినవాళ్ళకు చూపించే పని మస్తాన్‌కే అప్పగించారు. ఒకటీ అరా రోజులు కాదు, వరసగా వారం గడిచినా ఎవరూ రాని సమయాలు ఉండేవి. లంగర్లకు కొబ్బరినూనె రాసేవాడు. లాంతరు అద్దాలు తుడిచేవాడు. సముద్రం హోరు వినిపించేది గానీ అక్కడ నిలబడితే కనిపించేది కాదు.

వేసవిలో ఒక మధ్యాహ్నం ఆడవాళ్ళు కొందరు వచ్చారు. ఉప్పెన బాధితులకు కట్టించిన కాలనీ వాళ్ళు. కోడూరులో ఏదో పని చూసుకుని, బస్సుకు వేళ ఉందని ఇటు నడిచారు. వాళ్ళలో ఒకామె పడవ దగ్గర ఆగిపోయింది. తక్కినవాళ్ళు గోడల మీది పటాలు చూస్తూ ముందుకు పోయారు. ఆమె వంగి కుడి గుంజ మీద చెయ్యి పెట్టింది, తరవాత ఎడమ గుంజ మీద పెట్టింది. అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

మస్తాన్ దగ్గరకు వెళ్ళి గానీ గుర్తుపట్టలేదు. మనిషి చిక్కిపోయింది.

"దుర్గమ్మా."

"మావయ్యా, ఇది మా నాన్నది కదా."

"మీ నాన్నది పోయిందమ్మా. ఇది నేను కట్టింది."

"నాన్న కొలతకే కట్టావు."

"వేరే కొలత రాలేదమ్మా."

దుర్గ చాలాసేపు ఏడ్చింది. మస్తాన్ కూజాలో నీళ్ళు తెచ్చి ఇచ్చి పక్కన కూర్చున్నాడు. కాలనీలో పుట్టింటి వాళ్ళ పేర ఆమెకు ఇల్లు వచ్చింది. మొగుడితో పామిడిముక్కల నుంచి వచ్చేసింది. వచ్చేసరికి పడవలు పంచడం అయిపోయింది. ఏడుకొండలు ఇంకొకళ్ళ పడవలో కూలికి వెళ్తున్నాడు. ఇదంతా చెప్పి, చెంగుతో ముఖం తుడుచుకుని అడిగింది.

"ఇది ఇక్కడ ఊరికే ఉంది కదా మావయ్యా. మాకివ్వకూడదా? నాన్నది నా దగ్గరున్నట్టుంటుంది."

"నాది కాదమ్మా. అయ్యగారిని అడిగి చూస్తాను."

ఆ ఆదివారం దుర్గ కూడా వచ్చి గుమ్మం పక్కన నిలబడింది. మస్తాన్ వెంకట్రామయ్య గారికి సంగతంతా చెప్పాడు. ఆయన ఫ్లాస్కు మూత బిగిస్తూ విన్నారు.

"అడక్కు మస్తానూ" అన్నారు. "ఈ ఒక్కటీ అడక్కు. మా సత్యవతి ఫొటో కూడా ఒకటి మిగల్లేదు నాకు. వారం వారం నేను ఇంతదూరం వచ్చేది ఈ లంగర్లు చూడ్డానికా? ఇక్కడ మనుషులు బతికారని చెప్పేది ఈ పడవొకటే. అదీ నీళ్ళకే ఇచ్చేస్తే నేనెందుకు రావాలి?" తరవాత దుర్గ వైపు తిరిగి గొంతు తగ్గించారు. "కొత్తది కావాలంటే కట్టించి ఇస్తానమ్మా. కలప నేను తెప్పిస్తాను."

దుర్గ తల అడ్డంగా ఊపింది. "వద్దండి బాబుగారూ. దానం తీసుకోడం చాలైపోయిందండి మాకు. మా నాన్నదనిపించి అడిగాను, అంతే."

ఆమె మాటలో కోపం లేదు. దణ్ణం పెట్టి బస్సు రోడ్డు వైపు నడిచి వెళ్ళిపోయింది. వెంకట్రామయ్య గారు ఆ రోజు టీ తాగకుండానే కారెక్కారు.

మస్తాన్ రెండు రోజులు గోడౌనులోనే ఉన్నాడు. మూడో రోజు తలుపులకు తాళం వేసి బందరు బస్సెక్కాడు. ఇల్లు బూజు పట్టి ఉంది. నడిమింట్లో చాప వేసుకుని వెల్లకిలా పడుకుని కప్పు వైపు చూశాడు. తండ్రి విప్పి తెచ్చిన సరుకు పడవ దూలాలు ఇన్నేళ్ళకూ చెక్కు చెదరలేదు. ఉప్పెన గాలికి పెంకులు లేచిపోయినా అవి కదల్లేదు. ఇంట్లో తనొక్కడు. తన తరవాత ఎవరూ లేరు.

మర్నాడు ఉదయం నిచ్చెన వేసుకుని పెంకులు దించడం మొదలుపెట్టాడు.

హమీదా గోడవతల నుంచి చూసి, గుమ్మంలోకి వచ్చింది. "ఏం చేస్తున్నావు భాయ్? వానాకాలం వస్తుంటే కప్పు విప్పుతావా?"

"ఆడపిల్లకి పెట్టాలమ్మా."

"ఏ ఆడపిల్లకి? నీకెవరున్నారు?"

"మున్నీ చీర పెట్టి పంపిన పిల్ల."

హమీదాకు బసవయ్యా తెలుసు, ఉయ్యాల ఊగిన పిల్లా తెలుసు. కొంగు నడుముకు దోపుకుని, అతను అందించిన పెంకులు కింద పేర్చింది. నడిమింటి దూలం దించినప్పుడు ఉయ్యాల కొక్కెం ఊడి రాలేదు. మస్తాన్ దాన్ని అటూ ఇటూ తిప్పి, కొట్టి, చాలాసేపు అవస్థ పడ్డాడు. చివరికి వచ్చింది. హమీదా చెయ్యి చాచి అడిగి తీసుకుంది. "మా కోడలికి నెలలు నిండాయి" అంది.

దూలాలు ఎడ్లబండి మీద కోడూరు మీదుగా గోడౌను దగ్గరకు వచ్చాయి. మస్తాన్ ఈసారి గోడౌను లోపల కాదు, బయట అరుగు పక్కన, వేపచెట్టు నీడలో పని పెట్టుకున్నాడు. ఏడుకొండలును పిలిపించి తెడ్డు ఇచ్చి నిలబడమన్నాడు. ఏడుకొండలు పొట్టి, రెండు చేతులూ బలం. దుర్గ కూడా తెడ్డు వేస్తుందట. ఆమె కొలతా తీసుకున్నాడు.

ఆదివారం కారు వచ్చి ఆగింది. వెంకట్రామయ్య గారు దిగి, రంపపు పొట్టులో చెప్పులు దిగబడుతుంటే నడిచి వచ్చి ఆ దూలాల మీద చెయ్యి పెట్టి చూశారు. పాత మేకుల బొక్కలు కనిపిస్తున్నాయి.

"ఎక్కడివి మస్తానూ?"

"మా ఇంటివండి."

ఆయన లోపలికి వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నారు. కాసేపటికి లేచి బయటికొచ్చారు. మస్తాన్ పెద్ద పక్కచెక్కను వంచి బిగించాలని ఒక్కడూ పెనుగులాడుతున్నాడు. వెంకట్రామయ్య గారు పంచె పైకి కట్టుకుని రెండో కొస పట్టుకున్నారు.

"వద్దండి, మీరెందుకు."

"కొట్టు" అన్నారాయన. మేకులు దిగేదాకా వదల్లేదు. చొక్కా నిండా గుగ్గిలం నూనె మరకలయ్యాయి. ఆ తరవాత వచ్చిన ప్రతి ఆదివారమూ అరుగు దగ్గరే కూర్చుని చెక్క అందించారు. దుర్గ సంగతి మళ్ళీ ఎత్తలేదు. మస్తానూ ఎత్తలేదు.

వానలు పడి కాలవలు నిండాక పడవను నీళ్ళలో దించారు. దుర్గ పసుపూ కుంకుమా తెచ్చింది. బొట్టు పెడుతూ ముందు భాగంలో ఒక చెక్క దగ్గర ఆగింది. అక్కడ కొక్కెం దిగిన బొక్కను మస్తాన్ కొయ్య మేకుతో మూసి నున్నగా చేశాడు.

"ఇది అత్తమ్మ ఉయ్యాల కట్టిన దూలం."

"అవునమ్మా."

"ఇంటికి ఏం కప్పావు మావయ్యా?"

"ఇక్కడ గది ఉంది కదా."

దుర్గ అతని చెయ్యి పట్టుకుని పడవ ఎక్కించింది. మస్తాన్ తను కట్టిన పడవల్ని గట్టు దగ్గర తోసి చూసుకోవడమే గానీ, మొగ దాటి ఎప్పుడూ వెళ్ళలేదు. ఏడుకొండలు తెడ్డు వేశాడు. పాయ వెడల్పయింది, నీళ్ళ రంగు మారింది. అలల మీద పడవ లేచి పడుతుంటే మస్తాన్ రెండు పక్కలా పట్టుకుని కూర్చుని, సందుల్లో ఎక్కడైనా చెమ్మ వస్తోందా అని అడుగు వైపే చూశాడు. రావడం లేదు. అప్పుడు తలెత్తి వెనక్కి చూశాడు. నేల సన్నటి గీతలా ఉంది. ఎక్కడ ఏ పాలెం ఉండేదో, ఎక్కడ బసవయ్య పడవ లాగి కట్టేవాడో పోల్చుకోవడానికి ఒక ఆనవాలు కూడా కనిపించలేదు.

తిరిగొచ్చాక దుర్గ కాలనీకి తీసుకెళ్ళి అన్నం పెట్టింది. "ఇక్కడే ఉండిపో మావయ్యా" అంది. "పడవలు బాగుచేసే మనిషి లేక అందరూ ఇబ్బంది పడుతున్నారు. మా ఇంట్లో ఉందువుగాని." ఏడుకొండలు కూడా ఉండమన్నాడు. వాకిట్లో ఇరుగుపొరుగు వాళ్ళు వచ్చి కూర్చున్నారు. మాటలు చివరికి ఎవరికి ఎవరు పోయారన్న దగ్గరికే వచ్చాయి. ఒకామె మస్తాన్ వైపు తిరిగి, "మీకెవరు పోయారండీ?" అని అడిగింది. దుర్గ వెంటనే, "మా నాన్నకి బావ" అంది. అడిగినామె తల ఊపింది. చాలు అనుకున్నాడు మస్తాన్. అయినా సాయంత్రం బస్సుకు బయల్దేరాడు.

"అక్కడ తలుపులు తీసేవాళ్ళు లేరమ్మా" అన్నాడు దుర్గతో.

మొదటి ఏడాది దుర్గ నెలకోసారి చేపలు పట్టుకుని వచ్చేది. తరవాత బిడ్డ పుట్టింది, వేట పెరిగింది, రావడం పండగలకూ పబ్బాలకూ పడింది. అలా జరగాల్సిందేనని మస్తాన్ అనుకున్నాడు. వెంకట్రామయ్య గారికి గుండె నొప్పి వచ్చింది. డాక్టర్లు ప్రయాణాలు వద్దన్నారు. ఫ్లాస్కు మాత్రం డ్రైవరు చేత ఒకసారి పంపించారు, ఉంచుకోమని. బందరులో ఇంటి గోడలు వానకు తడిసి ఒక పక్క కూలాయని హమీదా కబురు చేసింది. మస్తాన్ వెళ్ళి చూడలేదు.

నీళ్ళలో ఉండని పడవ ఎండుతుంది. చెక్కలు ముడుచుకుని సందులు విచ్చుకుంటాయి. ఎండలు ముదిరేసరికి మ్యూజియంలో పడవకు అడుగున వెలుతురు కనిపించడం మొదలైంది. మస్తాన్ చెరువు నుంచి బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి అందులో పోశాడు. ముందు అంతా కారిపోయి నేల తడిసింది. మళ్ళీ తెచ్చి పోశాడు. మధ్యాహ్నానికి కారడం తగ్గింది. చెక్క నీళ్ళు తాగుతుంటే మెల్లగా చిటపటలాడుతుంది. మ్యూజియం చూడడానికి ఆ రోజు కూడా ఎవరూ రాలేదు. మస్తాన్ ఖాళీ బిందె బోర్లించి, దాని మీద కూర్చుని వింటూ ఉన్నాడు.